పంపకముందే తెలుసుకోవచ్చా?

ప్రశ్న: మా అసోసియేషన్‌కి సెక్రటరీని నేనే. నెలనెలా 60 మందికి మీటింగ్ కాగితాలు మెయిల్ చేయాలి, చేసిన ప్రతిసారీ ఓ ఐదారు తిరిగొచ్చేస్తాయి, ఇంకో నలుగురేమో అసలు మాకు రాలేదండీ అంటారు. ఆఫీసులో ఔట్‌లుక్‌లో అయితే పేరు కొట్టగానే ఈయన సెలవులో ఉన్నారు, ఈవిడ మెయిల్‌బాక్స్ నిండిపోయింది అని పైన పట్టీ వస్తుంది. నా సొంత జీమెయిల్‌లో అలాంటిదేం రాదు. పంపకముందే ఎవరికి అందదో తెలుసుకునే దారి ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ పట్టీని మెయిల్‌టిప్స్ అంటారండి, మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఎక్స్చేంజ్ 2010 అనే ఆఫీసు మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో తెచ్చారు. మంచి సదుపాయమే, కాకపోతే మీ ఆఫీసు సర్వర్ తన దగ్గరున్న అకౌంట్లు చూసి చెప్పే మాట అది, బయటివాళ్ళ మెయిల్‌బాక్స్ సంగతి మామూలుగా దానికీ తెలీదు.

నిజానికి మెయిల్ పంపే పద్ధతి రాసుకున్నప్పుడే, అంటే 1982 నాటి ఎస్ఎంటీపీలోనే, ఫలానా అడ్రస్ మీ దగ్గరుందా అని అవతలి సర్వర్‌ని అడగడానికి వీఆర్ఎఫ్‌వై అని ఒక కమాండ్ పెట్టారు. స్పామ్ పంపేవాళ్ళు దాన్నే పట్టుకుని వేలకొద్దీ అడ్రసులు ఏరుకోవడం మొదలుపెట్టేసరికి ఇప్పుడు చాలా సర్వర్లు దానికి సూటిగా జవాబే చెప్పవు. అడ్రసులు చెక్ చేసిపెడతాం అనే సైట్లున్నాయి, వాటినీ పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే కొన్ని డొమైన్లు, అంటే అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేర్లు, వాటి సర్వర్లు ముందు ఏ పేరు పెట్టి అడిగినా ఉంది అనేస్తాయి. పైగా మిమ్మల్ని నమ్మి అడ్రస్ ఇచ్చిన 60 మంది లిస్టుని ఎవరో తెలియని సైట్‌లో పెట్టడం, నన్నడిగితే అస్సలు వద్దండి.

మన చేతిలో ఉన్నది చూద్దాం. ముందు అక్షరాలు. డాట్ కామ్ బదులు డాట్ కాన్, జీమెయిల్ బదులు గామిల్, తిరిగొచ్చేవాటిలో ఇలాంటివి తప్పకుండా ఉంటాయి. జీమెయిల్ అడ్రస్‌లో పేరు మధ్య చుక్క ఉన్నా లేకున్నా ఒకటే, అక్కడ కంగారు పడక్కర్లేదు, వేరే సర్వీసుల్లో మాత్రం చుక్క తేడా వస్తే మనిషే వేరు కావచ్చు.

తిరిగొచ్చిన మెయిల్‌ని విసుక్కుని డిలీట్ చేయకండి, కారణం అందులోనే ఉంటుంది. 5.1.1 అని ఉంటే ఆ అడ్రసే లేదని, లిస్టులోంచి తీసేసి ఆ మనిషికి ఫోన్ చేసి కొత్తది అడగండి. 5.2.2 అంటే మెయిల్‌బాక్స్ నిండిందని, జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఫొటోలూ డ్రైవూ కూడా కలిసే ఉంటాయి కాబట్టి చాలామందికి నిండిన సంగతే తెలీదు, మీరు చెప్తేనే తెలుస్తుంది. సైజు కూడా చూసుకోండి, అటాచ్‌మెంట్ దారిలో అక్షరాల రూపంలోకి మారి దాదాపు మూడోవంతు పెరుగుతుంది, అందుకే 25 ఎంబీ దాకా తీసుకునే సర్వర్ కూడా మీ 20 ఎంబీ ఫైల్‌ని వెనక్కి పంపేయొచ్చు. పెద్దవి లింకుగా పంపండి, ఆ లింకు తెరిచే పర్మిషన్ అందరికీ ఇచ్చారో లేదో చూసుకుని మరీ పంపండి.

రాలేదు అనేవాళ్ళని ముందు స్పామ్ ఫోల్డర్ చూడమనండి. అక్కడా లేకపోతే నాకు అసలు భయం వేసేది అప్పుడే, ఎందుకంటే తప్పు అడ్రస్‌లో నిజంగానే ఇంకో మనిషి ఉంటే మెయిల్ తిరిగి రాదు, హాయిగా అక్కడికి చేరిపోతుంది. నాకోసారి అలాగే జరిగింది, పేరు కొట్టగానే మెయిల్ దానంతటదే చూపించిన పాత అడ్రస్‌కి ఒక దరఖాస్తు పంపేశాను, తిరిగి రాలేదు కదా అందిందనుకున్నాను, గడువు దాటాక అడిగితే ఆ అడ్రస్ ఆయన వాడటం మానేసి చాలా కాలమైందన్నారు. అప్పట్నించీ ముఖ్యమైనదైతే ముందు రెండు లైన్ల మెయిల్ పంపి, అందింది అని జవాబొచ్చాకే కాగితాలు పంపుతున్నాను. మీరూ కొత్తగా చేరినవాళ్ళకి ఇలా చేయండి. అన్నట్టు ఆ 60 అడ్రసులూ బీసీసీలో పెట్టండి, ఒకరివి ఒకరికి కనపడకుండా ఉంటాయి.

ప్రశ్న: నిన్న పంపిన మెయిల్ తిరిగి రాలేదు గానీ, ఆలస్యమవుతోంది, ఇంకా ప్రయత్నిస్తున్నాం అని మెసేజ్ వచ్చింది. మళ్ళీ పంపనా?
- ఇంకో పాఠకుడు

జవాబు: ఆగండి. ఆ మెసేజ్‌లో నంబరు 4తో మొదలైతే అది తాత్కాలికమైన ఇబ్బంది, 5తో మొదలైతేనే ఇక అందదని. అవతలి సర్వర్ కాసేపు పనిచేయకపోయినా 4 వస్తుంది, మీ సర్వర్ తనంతట తనే కొన్ని రోజులపాటు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఈలోగా మీరు మూడుసార్లు పంపితే చివరికి ఆయనకి నాలుగు కాపీలు చేరతాయి. అంత అర్జెంటైతే ఒక ఫోన్ చేసి ఇంకో అడ్రస్ ఉందేమో అడగండి.