చంద్రా ఫొటోలో ఫలానా చుక్క కృష్ణబిలమని ఎలా చెబుతారు?

ప్రశ్న: చంద్రా ఎక్స్-రే టెలిస్కోపు ఫొటోల్లో రంగురంగుల మబ్బులు, చుక్కలే కనిపిస్తాయి. వాటిలో ఒక చుక్క కృష్ణబిలమని ఎలా తేలుస్తారు? ఆ డేటా తెచ్చుకుని మనమే చూసుకోవచ్చా?

జవాబు:

నిక్షేపంగా చూసుకోవచ్చు. కాకపోతే చంద్రా నుంచి కిందికి వచ్చేది ఫొటో కాదు, ఒక పట్టిక. ఒక్కో ఎక్స్-రే ఫోటాన్‌కి (కాంతి రేణువుకి) ఒక్కో వరుస: ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది, ఎంత శక్తితో పడింది. వీటిలో 'ఎక్కడ' అన్నదానితో బొమ్మ గీస్తారు. రంగులు శక్తిని బట్టి తర్వాత అద్దుతారు, సాధారణంగా తక్కువ శక్తికి ఎరుపు, ఎక్కువ శక్తికి నీలం. కృష్ణబిలం ఆనవాళ్లు ఎక్కువగా దొరికేది మిగతా రెండింటిలో, అంటే సమయంలో, శక్తిలో.

సమయం సంగతి చూడండి. సిగ్నస్ ఎక్స్-1 అనే పేరున్న కృష్ణబిలం జంట ఎక్స్-రే వెలుగు మిల్లీసెకన్లలో ఎగసిపడుతుంది. మిల్లీసెకనులో కాంతి వెళ్లేది 300 కిలోమీటర్లే కాబట్టి, ఆ వెలుగు పుట్టే చోటు అంతకన్నా పెద్దది కావడానికి వీల్లేదు. అక్కడ కనబడని జోడీ చుట్టూ 5.6 రోజులకోసారి తిరిగే నీలి మహాతార ఒకటి ఉంది. దాని కదలికను మామూలు టెలిస్కోపులతో, దూరాన్ని రేడియోతో కొలిచి 2021లో తేల్చిన ఆ జోడీ బరువు సుమారు 21 సూర్యులు. న్యూట్రాన్ నక్షత్రం (పేలిన తార మిగిల్చే అతి దట్టమైన గుండె) మహా అయితే రెండు మూడు సూర్యుల బరువుకి తట్టుకుంటుంది. ఇంత ఇరుకు చోట అంత బరువంటే కృష్ణబిలమే అనుకోవాలి. ఎక్స్-రేలు ఒక్కటే చూసి బరువు చెప్పేస్తే నమ్మకండి.

బిలం లోపలి నుంచి ఏ కాంతీ రాదు. లోపలికి పడబోయే వాయువు పళ్లెంలా చుట్టుకుని, రాపిడికి కోటి డిగ్రీల దాకా కాగి ఎక్స్-రేలు వెదజల్లుతుంది. సూర్యుడి గర్భంలో హైడ్రోజన్ మండితే దాని ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. తిరగని బిలం దగ్గర ఇది 6 శాతం, గరిష్ఠంగా తిరిగేదాని దగ్గర 40 శాతం పైనే. అలాగని వెలుగు చూసి బరువు ఊహించకూడదు. మన పాలపుంత నడిమధ్యన ఉన్న సాజిటేరియస్ ఏ-స్టార్ 40 లక్షల సూర్యుల బరువు, అయినా మేత కరువై మసగ్గా ఉంటుంది.

శక్తి సంగతికొస్తే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇనుము గీత. చల్లని ఇనుము 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఫోటాన్ శక్తికి కొలత) దగ్గర సన్నని గీత ఇస్తుంది, అంటే సరిగ్గా ఆ శక్తి ఫోటాన్లే గుంపుగా వస్తాయి. అదే బిలానికి ఆనుకున్న పళ్లెం నుంచి వస్తే, గురుత్వానికీ వేగానికీ ఆ గీత తక్కువ శక్తి వైపు తోకలా సాగిపోతుంది. ఆ తోక పొడవుని బట్టి బిలం ఎంత జోరుగా తిరుగుతోందో లెక్కగడతారు. గీత 6.7 దగ్గర ఉంటే అది కోట్ల డిగ్రీల వాయువు. పెర్సియస్ గెలాక్సీ గుంపులో నిండి ఉన్నది అలాంటిదే. అందులో కనిపించే బోలు గుంతలు, మధ్యనున్న బిలం దగ్గర నుంచి చిమ్మే జెట్లు (ధారలు) వాయువుని పక్కకి నెట్టేసిన గుర్తులు. ఆ తోపులాటే వాయువుని చల్లారనివ్వక, కొత్త నక్షత్రాల పుట్టుకకి అడ్డుపడుతోంది.

ఇక డేటా. పరిశీలన అడిగినవాళ్లకే దక్కే గడువు తీరినవన్నీ చంద్రా ఆర్కైవ్‌లో ఉచితం. చంద్రా డేటాని విశ్లేషించే సీఐఏఓ సాఫ్ట్‌వేర్‌ని లినక్స్‌లోగానీ మ్యాక్‌లోగానీ కాండా అనే ఇన్‌స్టాలర్‌తో పెట్టుకోండి, బొమ్మ చూడ్డానికి డీఎస్9 అనే ప్రోగ్రాం చాలు. పరిశీలన నంబరుతో ఫైళ్లు దించి, ముందుగా 'చంద్రా_రీప్రో' (chandra_repro) నడపండి, అది తాజా సవరణలతో డేటాని మళ్లీ తయారుచేస్తుంది. క్యాలిబ్రేషన్ ఫైళ్లు (పరికరం లోపాల్ని సరిదిద్దేవి) కొత్తవై ఉండాలి. చంద్రాలోని ఏసిస్ కెమెరా ఫిల్టర్ మీద ఏళ్లుగా పూత పేరుకుని తక్కువ శక్తి ఫోటాన్లను మింగేస్తోంది. పాత ఫైళ్లు వాడితే ఆ లోటు మీరు చూసే చుక్కలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాత 0.5 నుంచి 7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్యవే ఉంచుకోండి, ఆపైన నేపథ్యపు రొదే ఎక్కువ. మొదటిసారికి కాసియోపియా-ఏ అనే పేలిపోయిన తార శేషం బాగుంటుంది. స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ శక్తికి ఎన్ని ఫోటాన్లో చూపే పటంలో, సిలికాన్ 1.86 దగ్గర, గంధకం 2.46 దగ్గర కంటికే తెలుస్తాయి.

సిగ్నస్ ఎక్స్-1తో మాత్రం మొదలుపెట్టకండి, అది మరీ ప్రకాశవంతం. ఏసిస్ మామూలుగా 3.2 సెకన్లకోసారి ఫ్రేమ్ తీస్తుంది. అంత సేపట్లో ఒకే చోట రెండు ఫోటాన్లు పడితే, రెండింటి శక్తి కలిపి ఒకటిగా రాసుకుంటుంది, లేదా చెత్త అని పారేస్తుంది. దీన్నే పైలప్ అంటారు. స్పెక్ట్రమ్ లేనిపోని కాఠిన్యం (ఎక్కువ శక్తి వైపు మొగ్గు) చూపిస్తుంది, మరీ ప్రకాశవంతమైతే చుక్క నడుమ నల్లని రంధ్రం పడుతుంది. అది కృష్ణబిలం ఫొటో అనుకున్నవాళ్లున్నారు, కాదు. మిల్లీసెకన్ల ఆట చూడాలంటే అంతరిక్ష కేంద్రం మీది నైసర్ ఎక్స్-రే టెలిస్కోపు డేటాగానీ, భారత ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని లాక్స్‌పీసీ పరికరం డేటాగానీ తీసుకోండి.

ఇంకో ఉచ్చు: చంద్రా కావాలనే మెల్లగా ఊగుతుంది, ఒక దిశలో 1000 సెకన్లకోసారి, ఇంకో దిశలో 707 సెకన్లకోసారి. చుక్క చిప్ అంచున ఉంటే ఆ కాలాలతోనే మినుకుమంటుంది. సరిగ్గా ఈ అంకెలు వస్తే సంబరపడకుండా చుక్క చోటు చూడండి. అలాగే బొమ్మ నడుమ 0.5 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) పదును ఉన్నా, అంచుల వైపు చుక్కలు పెద్ద మరకల్లా పరుచుకుంటాయి. అవి గెలాక్సీలు కావు.

స్పెక్ట్రమ్‌కి మోడల్ (లెక్కల నమూనా) అమర్చేటప్పుడు, అమరిక ఎంత బాగుందో కొలవడానికి, ఒక్కో శక్తి గడిలో 20 ఫోటాన్లయినా లేకపోతే కై-స్క్వేర్ కొలత వదిలేసి, తక్కువ లెక్కలకి పనికొచ్చే క్యాష్ గణాంకం వాడండి. చుక్కకీ మనకీ మధ్య దారిలో ఎక్స్-రేలని మింగే వాయువుకి కొలతగా వాడే హైడ్రోజన్ మొత్తాన్ని రేడియో సర్వేల విలువతో మొదలుపెట్టండి. మొదటే దాన్ని వదులుగా వదిలితే, ఎక్కువ హైడ్రోజన్ వెనక చల్లని వాయువూ, తక్కువ హైడ్రోజన్ వెనక వేడి వాయువూ దాదాపు ఒకేలా అమరిపోయి, ఉష్ణోగ్రత ఎటు లాగితే అటు వస్తుంది.