బెంగళూరులో పడిన శిక్ష ఆంధ్ర లైసెన్సుకు వర్తిస్తుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. నా డ్రైవింగ్ లైసెన్సు ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్నది, కారు కర్ణాటక రిజిస్ట్రేషన్. గత నెలలో ఒక విందు ముగించుకుని వస్తుండగా ఔటర్ రింగ్ రోడ్డులో ట్రాఫిక్ పోలీసులు ఆపి బ్రెత్ అనలైజర్‌లో ఊదించి, కేసు రాసి, లైసెన్సు తీసుకున్నారు. కోర్టులో తప్పు ఒప్పుకుని 10,000 రూపాయలు కట్టాను. ఇంతటితో ముగిసినట్టేనా? ఇది కర్ణాటక కేసు కనుక రేపు తిరుపతిలో పట్టుబడినా మొదటి నేరమే అవుతుందని, పాత లైసెన్సు వదిలేసి ఇక్కడి చిరునామాతో కొత్తది తీసుకోమని మిత్రులు చెబుతున్నారు. నిజమేనా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ మిత్రులు చెప్పిన రెండు మాటలూ తప్పే. రెండోది పాటిస్తే కొత్త నేరం చేసినవారవుతారు.

మీపై పెట్టినది కర్ణాటక కేసు అనుకోవడంలోనే పొరపాటు ఉంది. తాగి వాహనం నడపడాన్ని శిక్షించే 185వ సెక్షను 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోనిది. అది పార్లమెంటు చేసిన చట్టం కనుక మారతహళ్లిలోనైనా తిరుపతిలోనైనా అదే నేరం, అదే కొలత: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు. మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ. రెండోసారి, ఆపైన అయితే రెండేళ్ల వరకు జైలు లేదా 15,000 రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు. మొదటి నేరం ఏ రాష్ట్రంలో జరిగిందన్న విచారణ ఆ సెక్షనులో ఎక్కడా లేదు. పూర్వం, మొదటిది జరిగిన మూడేళ్లలోపు మళ్లీ చేస్తేనే రెండో నేరంగా లెక్కించేవారు. 2019 సవరణతో ఆ గడువు కూడా పోయింది. అయితే ఎక్కువ శిక్ష వేయాలంటే పాత శిక్ష సంగతిని ప్రాసిక్యూషన్ కోర్టు ముందు రుజువు చేయవలసి ఉంటుంది. వారు దాన్ని కనిపెట్టలేరన్న ధీమాతో ఉండటం తెలివైన పని కాదు.

మీరు కట్టిన 10,000 రూపాయలను సిగ్నల్ దాటినందుకు కట్టే చలానాలా చూడకండి. ఈ నేరాన్ని పోలీసుల వద్దే రుసుము కట్టి రాజీ చేసుకునే వీలు చట్టంలో లేదు; అందుకే మిమ్మల్ని కోర్టుకు పంపారు. అక్కడ తప్పు ఒప్పుకోవడమంటే నేరం రుజువై శిక్ష పడినట్టే. చాలామంది జరిమానా రసీదు జేబులో పెట్టుకుని, ఆర్డరు చదవకుండానే బయటపడతారు. మీరు దాని నకలు తీసుకుని చదవండి. 20వ సెక్షను ప్రకారం 185 కింద శిక్ష వేసిన కోర్టు, కనీసం ఆరు నెలల పాటు లైసెన్సు కలిగి ఉండే అర్హత లేదని కూడా ఆదేశించాలి. ఇది కాక, పోలీసులు స్వాధీనం చేసుకున్న లైసెన్సు లైసెన్సింగ్ అధికారికి చేరుతుంది. ఆయన మీ వాదన విని, మొదటి నేరానికి మూడు నెలల అనర్హత విధించవచ్చు, రెండోసారి అయితే లైసెన్సునే రద్దు చేయవచ్చు. లైసెన్సు తీసుకుని పంపడం వరకే పోలీసుల పని, అనర్హత విధించడం వారి చేతిలో లేదు. ఆర్టీవో కార్యాలయం నుంచి నోటీసు వస్తే బదులివ్వకుండా ఉండకండి. వచ్చిన ఉత్తర్వుపై 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. నోటీసు మదనపల్లె ఇంటి చిరునామాకు వెళ్లే అవకాశం ఎక్కువ కాబట్టి, ఇంట్లో వారికి విషయం ముందే చెప్పి ఉంచడం మేలు, అదెంత ఇబ్బందికరమైనా సరే.

ఇక కొత్త లైసెన్సు మాట. మన లైసెన్సు ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతటా చెల్లుతుంది కనుక, ఒకదాని మీద విధించిన అనర్హత కూడా దేశమంతటా వర్తిస్తుంది. ఒకటి ఉండగా రెండోది కలిగి ఉండటాన్ని 6వ సెక్షను నిషేధిస్తోంది. అనర్హత కాలంలో వాహనం నడిపినా, కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేసినా, పాతదానిపై రాసిన శిక్ష నమోదును దాచి కొత్తది పొందినా 182వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ పడతాయి. పైగా అలా పొందిన లైసెన్సు చెల్లదు. దాచడం ఇప్పుడు అంత సులువు కూడా కాదు: కర్ణాటక, ఆంధ్ర రవాణా శాఖలు రెండూ సారథి అనే ఒకే కంప్యూటర్ వ్యవస్థలో లైసెన్సులు జారీ చేస్తున్నాయి.

మీరు బెంగళూరులోనే స్థిరపడదలిస్తే ఉన్న లైసెన్సులోనే చిరునామా మార్పించుకోండి, అది పూర్తిగా చట్టబద్ధం. శిక్ష నమోదు కొత్త కార్డుకూ వస్తుంది. చివరి నమోదు తేదీ నుంచి వరుసగా మూడేళ్లు మరో నమోదు లేకపోతే, ఆ మచ్చ లేని లైసెన్సు కోరే హక్కు 25వ సెక్షను ఇస్తోంది. అనర్హత కాలాన్ని మాత్రం ఆ మూడేళ్లలో కలపరు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో టెక్సాస్ లైసెన్సుతో ఉంటున్నాడు. ఒహాయోలో తాగి కారు నడిపాడని అరెస్టు చేసి, విడిచిపెట్టారు. వేరే రాష్ట్రం కనుక దాని ప్రభావం ఉండదంటున్నాడు. నమ్మవచ్చా?
– ఒక తల్లి, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: నమ్మవద్దమ్మా. అమెరికాలో ఈ చట్టాలు రాష్ట్రానికొకటి. యూటాలో పరిమితి 0.05 శాతం, మిగతా రాష్ట్రాల్లో 0.08. (మన 30 మిల్లీగ్రాములు 0.03 శాతమే, ఈ విషయంలో మనమే కఠినం.) అందువల్లనే అత్యధిక రాష్ట్రాలు డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అనే ఒప్పందం చేసుకున్నాయి. ఒహాయో, టెక్సాస్ రెండూ అందులో ఉన్నాయి. ఒహాయోలో నేరం రుజువైతే ఆ సమాచారం టెక్సాస్‌కు వెళుతుంది, అక్కడ లైసెన్సు విషయంలో ఆ నేరం టెక్సాస్‌లోనే జరిగినట్టు చూస్తారు. మరో రాష్ట్రానికి మారి కొత్త లైసెన్సు అడిగినా, రద్దయిన, సస్పెండైన లైసెన్సులను సూచించే జాతీయ రిజిస్టరును అక్కడి అధికారులు చూస్తారు. విచారణ మాత్రం ఒహాయోలోనే జరుగుతుంది. వాయిదాకు హాజరు కాకపోతే వారెంటు వస్తుంది.

మీవాడు వీసా మీద ఉన్నట్టయితే అసలు చిక్కు అక్కడ ఉంది. గత ఐదేళ్లలో తాగి నడిపిన కేసులో అరెస్టు ఉంటే, శిక్ష పడకముందే వీసాను రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది. అంత మాత్రాన వెంటనే దేశం విడిచి రావలసిన పని సాధారణంగా ఉండదు గాని, ఒకసారి ఇండియా వస్తే తిరిగి వెళ్లడానికి కొత్త వీసా కావాలి. ఆ దరఖాస్తులో శిక్ష పడిందా అనే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా అడుగుతారు. కనుక పండక్కి టికెట్టు కొనే ముందే అక్కడి ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించమనండి. ఒహాయో కేసు చూస్తున్న న్యాయవాదికీ వీసా సంగతి తెలిసి ఉండాలి.