బోటు కాక్‌పిట్‌లో స్పీకర్లు పెడతానంటున్న మేనల్లుడికి

ఒరే చిన్నా,

నీ మెసేజ్ రాత్రే చూశా, అప్పుడే రిప్లై కొడదామంటే ఇది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే పొద్దున్నే కాఫీ పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నా. తెరచాప బోటు లోపల కేబిన్‌లో ఆల్రెడీ స్టీరియో ఉంది మావయ్యా, రెండు స్పీకర్లు కొని బయట స్టీరింగ్ పట్టుకుని కూర్చునే కాక్‌పిట్‌లో తగిలిస్తే సరిపోతుంది కదా, ఒక్క ఆదివారం పని అన్నావు. వైర్లు కలపడం వరకూ నిజంగానే ఒక్క పూట పనే రా. బొక్క పెట్టడం మాత్రం కాదు. వైరు తప్పయితే పీకి మళ్ళీ కలుపుకోవచ్చు, ఫైబర్‌గ్లాస్‌లో అయిదంగుళాల బొక్క పెట్టాక ఎక్కడికి పోతావు? ఆ బోటు అమ్మేదాకా నిన్ను చూసి నవ్వుతూనే ఉంటుంది.

ముందు స్టీరియో సంగతి. దాన్ని ఫ్రేమ్‌లోంచి బయటికి లాగి వెనకాల చూడు. నీ లోపలి స్పీకర్లు బహుశా తెలుపు, బూడిద రంగు వైర్లకి కలిపి ఉంటాయి, అవి ముందు స్పీకర్ల కోసం ఇచ్చినవి. ఆకుపచ్చ, ఊదా రంగువి ఇంకో రెండు జతలు టేప్ చుట్టి ఒక మూలన పడి ఉన్నాయంటే నీ అదృష్టం పండినట్టే, అవి వెనక స్పీకర్ల కోసం ఇచ్చినవి, నీ కాక్‌పిట్ స్పీకర్లు వాటికే ఇవ్వు. నల్ల గీత ఉన్నది మైనస్. అప్పుడు స్టీరియోలో ఫేడర్ అని ఉంటుంది చూడు, కార్లో ముందుకీ వెనక్కీ సౌండ్ తిప్పుతాం కదా, అదే ఇక్కడ లోపలికీ బయటికీ అవుతుంది. పిల్లలు లోపల పడుకున్నప్పుడు కేబిన్ ఆపేసి బయట చిన్నగా పెట్టుకోవచ్చు. కొత్త స్టీరియో కొనే ఆలోచన ఉంటే జోన్లు ఉన్నది చూసుకో, ఫ్యూజన్ లాంటి కంపెనీల వాటిలో ఒక్కో జోన్‌కి వాల్యూమ్ విడిగా ఉంటుంది, కానీ ఉన్నది పాడుతుంటే ఎందుకు రా డబ్బులు తగలెయ్యడం.

నువ్వు అడిగినట్టు లోపలి స్పీకర్ల వైర్లకే ఇంకో జత అతికించావనుకో, నాలుగు ఓమ్స్‌వి రెండు పక్కపక్కన కలిస్తే రెండు ఓమ్స్ అవుతుంది, స్టీరియో మీద కరెంటు లోడు డబుల్. రెండు ఓమ్స్‌కి పనికొస్తుందని మాన్యువల్‌లో రాసి ఉంటే ఓకే, లేకపోతే వాల్యూమ్ పెంచినప్పుడల్లా వేడెక్కిపోయి మధ్యలో గప్‌చుప్‌గా ఆగిపోతుంది. ఒకదాని వెనక ఒకటి కలిపితే ఎనిమిది ఓమ్స్, సేఫే కానీ సౌండ్ నీరసంగా వస్తుంది. ఇంకోటి, మైనస్ వైర్లన్నీ ఒకటిగా చేసి బోటు గ్రౌండుకి కలపొద్దు. పాత కాలం అలవాటు అది, ఇప్పటి స్టీరియోలకి అలా చేస్తే లోపల ఛానెల్ పోతుంది.

డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని ఉంటే మురిసిపోకు, ఎడతెగకుండా ఇచ్చేది 15, 20 అంతే. ఆరుబయట గాలి, ఇంజిన్ మోత ఉన్నచోట అది కొంచెం తక్కువే, అయినా యాంప్లిఫైయర్ జోలికి ఇప్పుడే పోకు. ఒకవేళ ఎప్పుడైనా పోయినా ఇంజిన్ ఉన్న అరలో మాత్రం పెట్టకు. నీది 1979 నాటి కాటలీనా బోటు, ఇంకా ఆ అటామిక్ 4 పెట్రోల్ ఇంజినే కదా, ఆ అరలో ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ అని రాసిలేని ఏ ఎలక్ట్రిక్ సామానూ ఉండకూడదు, పెట్రోల్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. స్టవ్ గ్యాస్ సిలిండర్ పెట్టే లాకర్‌కి కూడా బొక్క పెట్టొద్దు, లీకైన గ్యాస్ బోటు బయటికి పోవాలనే దాన్ని అలా మూసి కడతారు, నువ్వు దారి చూపించావంటే లోపలికొచ్చి అడుగున కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు కథ విను. నేను ఇక్కడ టెక్సస్‌లో, ఈ కీమా ఊళ్ళో మొదటి బోటు కొన్నప్పుడు నీలాగే ఆత్రంగా ఒక్క ఆదివారంలో స్పీకర్లు బిగించేశా. వారం తర్వాత గాల్వెస్టన్ బేలోకి వెళ్ళి, ఆటోపైలట్ ఆన్ చేసి, ఘంటసాల పాటలు పెట్టుకుని కాళ్ళు బారజాపా. చూస్తే బోటు ముక్కు ఎటో తిరుగుతోంది. జీపీఎస్ ఒకటి చెప్తుంది, ఆటోపైలట్ ఇంకోటి, మధ్యలో 15 డిగ్రీలు తేడా. వెనక్కి తిప్పితే మళ్ళీ కరెక్టుగానే ఉంది! అదే నన్ను చంపేసింది, ఒక దిక్కుకి తప్పు, ఇంకో దిక్కుకి ఒప్పు. మూడు వీకెండ్లు వైర్లు చూశా, సెట్టింగులు చూశా, డబ్బా మొత్తం ఊడదీశా, మీ అత్తయ్య అయితే నాకు బోటు పిచ్చి పట్టిందని మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పింది. ఆఖరికి చేతిలో పట్టుకునే చిన్న కంపాస్ తీసుకుని పక్క లాకర్‌లోకి దూరితే, స్పీకర్ వెనక్కి వచ్చేసరికి ముల్లు గిర్రున తిరిగింది. ఆటోపైలట్ దిక్కు చూసే ఫ్లక్స్‌గేట్ సెన్సర్ సరిగ్గా ఆ గోడకి అవతల జానెడు దూరంలో ఉంది, స్పీకర్‌కేమో వెనకాల ఇంత అయస్కాంతం. కొండంత ఇంజినీరింగ్ చదివి ఆ ముక్క తట్టలేదు నాకు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిందేమిటంటే, స్పీకర్ డబ్బాలోంచి తియ్యి, పెట్టాలనుకున్న చోట మాస్కింగ్ టేప్‌తో ఊరికే అంటించు, స్టీరింగ్ దగ్గర కంపాస్ చూడు, తీసేసి చూడు, మళ్ళీ పెట్టి చూడు. ముల్లు వెంట్రుకవాసి కదిలినా ఆ చోటు వద్దు. మామూలుగా మీటరు దూరం ఉంటే బాధ లేదు, కానీ మీటరు అని నేను చెప్పానని నమ్మకు, నీ కంపాస్‌ని నమ్ము. సెన్సర్ ఎక్కడుందో కూడా వెతుకు, అది కంటికి కనపడే చోట ఉండదు. టేప్ అలాగే ఉంచి మీ ఆవిణ్ణీ పిల్లల్నీ కూర్చోబెట్టు, వీపు తగులుతోందా, తెరచాప తాడు లాగితే స్పీకర్‌కి రాసుకుంటోందా, తాడు బిగించే వించ్ హ్యాండిల్ తిప్పితే మోచెయ్యి కొట్టుకుంటోందా అన్నీ తెలిసిపోతాయి. వీలైనంత పైకి పెట్టు, కెరటం కాక్‌పిట్‌లోకి వచ్చినప్పుడు ఆ బొక్క మునగకూడదు.

చోటు ఖాయమయ్యాక కూడా జిగ్‌సా రంపం తియ్యకు. మధ్యలో సన్న డ్రిల్లుతో చిన్న రంధ్రం పెట్టి, బట్టల హ్యాంగర్ వైరు ఒకటి ఎల్ ఆకారంలో వంచి లోపలికి దూర్చి గుండ్రంగా తిప్పు. ఎక్కడైనా తగిలిందంటే వెనక హోసో, కేబులో, చెక్క దిమ్మో ఉన్నట్టు. ఏమీ తగల్లేదంటేనే ముందుకి. ఆ రంధ్రం తప్పయితే చెంచాడు ఎపాక్సీతో పూడిపోతుంది. కోసినప్పుడు రెండు ఫైబర్ పొరల మధ్య లేత చెక్క కనిపిస్తే అది బాల్సా, దాన్ని అలా వదిలేశావంటే నీళ్ళు పీల్చి రెండేళ్ళలో తడిసిన బ్రెడ్డులా మెత్తబడిపోతుంది. అంచు చుట్టూ కొంచెం లోపలికి గీకి ఎపాక్సీ నింపు, స్క్రూ రంధ్రాలకీ అంతే. బిగించేటప్పుడు స్పీకర్‌తో వచ్చిన రబ్బరు రింగు చాలు, నమ్మకం లేకపోతే బ్యూటిల్ టేపు. 3ఎమ్ 5200 అనే జిగురు మాత్రం వద్దు, అది పట్టిందంటే తర్వాత స్పీకర్ మార్చాలన్నప్పుడు గోడ కూడా ఊడి వస్తుంది.

స్పీకర్లు మెరైన్‌వే కొను, ఆరున్నర అంగుళాలవి. కారువి సగం ధరకే వస్తాయి నిజమే, ఎండకీ ఉప్పుగాలికీ ఎక్కువ రోజులు ఆగవు, మీ చీసపీక్ బే నీళ్ళు అంత ఉప్పు కాదు కదా అని నాతో వాదించకు. వైరు తగరం పూత ఉన్న రాగిదే, 16 గేజ్, లేకపోతే లోపల నల్లబడి పొడిపొడి అవుతుంది. జాయింట్లు హీట్ ష్రింక్ ఉన్న క్రింపులతో కొట్టు, అంటే నొక్కి బిగించి, వేడి చేస్తే ముడుచుకుని మూసుకునే తొడుగు ఉన్నవి. స్పీకర్ దగ్గర వైరు కాస్త కిందికి వేలాడేలా వంపు ఇవ్వు, కారిన నీళ్ళు అక్కడే చుక్కగా పడిపోతాయి, కనెక్షన్ దాకా పాకవు.

ప్లస్ మైనస్ మర్చిపోయావనుకో, ఒక పెన్సిల్ సెల్ తీసుకుని వైర్లకి ఒక్క క్షణం ఆనించు, కోన్ బయటికి ఉబికితే సెల్ ప్లస్ తగిలిన వైరే ప్లస్. రెంటిలో ఒకటి తిరగబడితే పాట వస్తుంది గానీ బేస్ ఎగిరిపోతుంది, స్పీకర్ బాలేదని అందరూ తిట్టుకునేది దీనివల్లే.

వాల్యూమ్ గురించి చెప్తే ముసలాడి చాదస్తం అంటావు, అయినా చెప్తా. కాక్‌పిట్‌లో వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్, అదే ఆపదలో పిలిచేది, వినపడాలి, పక్క బోటువాడు ప్రమాదం అని అయిదు పొట్టి హారన్లు కొడితే వినపడాలి, వేసవి మధ్యాహ్నం మీ దగ్గర ఉరుములు చెప్పాపెట్టకుండా వస్తాయి కదా, అవీ వినపడాలి. రాత్రి లంగరేసినప్పుడు అయితే నీళ్ళ మీద సౌండ్ ఎంత దూరం పోతుందో నీకు తెలీదు, అవతల బోటులో వాళ్ళు చెంచా కింద పడేసుకున్నా నాకు వినపడుతుంది.

మే నెలాఖరుకి మేం ఎలాగూ మీ అనాపొలిస్ వస్తున్నాం, అప్పటిదాకా ఆగితే ఇద్దరం కలిసి కోద్దాం, మీ అత్తయ్య ఆవకాయ సీసాల పక్కన నా జిగ్‌సా కూడా చెక్ ఇన్ బ్యాగులో పడేస్తా. ఆగలేనంటే ఈ శనివారం టేప్ అంటించిన ఫొటో ఒకటి, స్పీకర్ పెట్టినప్పుడూ తీసినప్పుడూ కంపాస్ ఫొటోలు రెండు పంపు, నేను చూసి సరే అన్నాకే బ్లేడు ఆన్ చెయ్యి.

మీ మావయ్య