దొంగపిల్లల మీద రీసెర్చ్ ఏంటి అంటున్నారు

ప్రశ్న: ఉస్మానియాలో ఎంఏ సోషియాలజీ చివరి ఏడాది చదువుతున్నాను. పిల్లలు నేరాల్లోకి వెళ్లడంలో ఇంటి ప్రభావం ఎంత అన్నదాని మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ‘దొంగపిల్లల మీద రీసెర్చ్ ఏంటి, ఉద్యోగం వస్తుందా’ అని నాన్న కోప్పడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: చెయ్యమ్మా. నాన్నగారి టెన్షన్ ఉద్యోగం గురించి కాబట్టి ముందు అది చెప్పేస్తాను. యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలనెలా ఫెలోషిప్ డబ్బు వస్తుంది, ఇంట్లో డబ్బు అడగక్కర్లేదు. తర్వాత కాలేజీల్లో పాఠాలు చెప్పొచ్చు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల నేరాల కేసులు చూసే ప్రతి జువైనల్ జస్టిస్ బోర్డులో మెజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా మహిళ. సోషియాలజీ చదివి ఈ రంగంలో పనిచేసేవాళ్లూ దానికి అర్హులే.

ఇక అసలు సంగతి. అమెరికాలో జోన్ మెక్‌కార్డ్ అని నేరాల మీద పరిశోధన చేసిన ఒకావిడ ఉండేది. 1939లో మసాచుసెట్స్‌లో ఐదువందల పైచిలుకు మగపిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కౌన్సెలర్లను పెట్టి ఏళ్ల తరబడి సాయం చేశారు, రెండో జట్టును అలాగే వదిలేశారు. ఆ కౌన్సెలర్లు ఇళ్లకు వెళ్లి చూసినవన్నీ రాసిపెట్టారు. చాలా ఏళ్ల తర్వాత మెక్‌కార్డ్ ఆ కాగితాలు చదివి, అప్పటికే నడివయసుకొచ్చిన ఆ మగవాళ్ల జాడ పట్టుకుంది. తండ్రి లేకపోయినా తల్లి ఆప్యాయంగా చూసుకున్న ఇంటికంటే, ఇద్దరూ ఉండి రోజూ కొట్టుకునే ఇళ్ల పిల్లలే ఎక్కువగా దారితప్పారని తేలింది. సాయం అందిన జట్టు బాగుపడలేదు సరికదా, కొన్ని విషయాల్లో ఇంకా దెబ్బతిందని 1978లో రాసింది. అంత మంచి మనసుతో చేసిన పని గురించి అలా రాయాలంటే ఎంత గుండె కావాలో ఆలోచించు.

సైదాబాద్‌లో కేసుల్లో ఇరుక్కున్న పిల్లల్ని ఉంచే జువైనల్ హోమ్ గేటు దగ్గర ఒకసారి ఒక తల్లి కలిసింది. పొద్దున ఐదింటికే బస్సెక్కి గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో పాచిపనికి పోతుంది. రోజూ నాలుగింటికి తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, పక్కింటామెకు ఫోన్ చేసి ‘మావోడు బడి నుంచి వచ్చిండా, తిన్నడా’ అని అడిగేదట. ‘ఇంట్లో పెద్దల పర్యవేక్షణ ఉందా’ అని మనం అడిగితే ఈమెకు ‘లేదు’ దగ్గరే టిక్ పడుతుంది. నీ ప్రశ్నావళిలో ఆ ఫోన్‌కి కూడా ఒక గడి పెట్టు.

పిల్లల పేర్లు, గుర్తుపట్టే వివరాలు మాత్రం ఎక్కడా రాయకు, జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఒప్పుకోదు. హోమ్‌లో పిల్లలతో మాట్లాడాలంటే ముందే అనుమతి కావాలి, దానికి టైమ్ పడుతుంది, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాస్తున్నప్పుడే అర్జీ పెట్టుకో.