ఫిజిక్స్ టీచర్ కావాలంటే నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సా, డిగ్రీ తర్వాత బీఎడ్డా?

మీ అన్నయ్యగారి అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిందనీ, హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాలన్నది ఆమె కోరిక అనీ, ఇప్పుడే డిగ్రీ, బీఎడ్ కలిసి ఉండే నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేర్చాలా, లేక బీఎస్సీ అయ్యాక బీఎడ్ చదివించాలా అనీ అడిగారు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తున్నాను. బీఎడ్ ఇంకా ఏడాది కోర్సుగా ఉన్న రోజుల్లో, అంటే 2015కు ముందు చదివినవాణ్ణి. ఏ దారిలో వెళ్లినా కాలేజీ పేరు కంటే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలని నా అభిప్రాయం. అమ్మాయి చదవబోయే సబ్జెక్టులు రేపటి ఉద్యోగ అర్హతకు సరిపోతాయా అన్నది ఒకటి. కోర్సు ముగిసేలోగా ఆమె నిజంగా ఎన్ని పాఠాలు, ఎవరి కళ్లెదుట చెబుతుందన్నది రెండోది.

రెండోదాన్ని నేను నిర్లక్ష్యం చేసి నష్టపోయాను కాబట్టి ముందు దాని గురించే చెబుతాను. నేను చేరినది అందరూ ‘నాన్ అటెండింగ్’ అని పిలుచుకునే రకం ప్రైవేటు కాలేజీ. ఫీజు పైన మరికొంత కడితే హాజరు దానంతట అదే పడేది. రెండు మెథడాలజీల (అంటే ఒక్కో సబ్జెక్టును బోధించే పద్ధతి నేర్పే పేపర్ల) పాఠ్యపథకాల రికార్డులూ సీనియర్ దగ్గర తెచ్చుకుని, తేదీలు మార్చి, అట్టలు వేసి ఇచ్చేశాను. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి.

ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం పదో తరగతికి పుటాకార దర్పణం పాఠం చెబుతున్నాను. కిటికీలు మూయించి, కొవ్వొత్తి వెలిగించి, తెల్ల కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉంటే దాని మీద మంట తలకిందులుగా పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతలో రెండో బెంచీలోని అమ్మాయి లేచి, “సార్, కాగితం తీసేస్తే ఆ బొమ్మ ఎక్కడికి పోతుంది?” అని అడిగింది. “కాగితం లేకపోతే బొమ్మ ఉండదమ్మా” అని నేను తడుముకోకుండా చెప్పేశాను. అది తప్పు. కాంతి కిరణాలు కలుసుకునే చోట ప్రతిబింబం గాలిలో అలాగే ఉంటుంది, దాని వెనకగా కొంత దూరంలో కన్ను పెట్టి దర్పణం వైపు చూస్తే కనిపిస్తుంది కూడా. బీఎస్సీలో దర్పణ సూత్రం మీద లెక్కలు ఎన్నో చేసిన నాకు ఆ సంగతి రాత్రి అన్నం తింటుంటే తట్టింది, మర్నాడు అదే తరగతిలో నా మాట నేనే దిద్దుకోవలసి వచ్చింది. పిల్లలు సరిగ్గా ఎక్కడ తడబడతారో ముందే ఊహించడం వేరే విద్య, అది డిగ్రీలో రాదు. వెనక బెంచీలో ఒక అనుభవజ్ఞుడు కూర్చుని మన పాఠం విన్నప్పుడే వస్తుంది.

ఇప్పుడు మా బడికి బీఎడ్ విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌కు వస్తున్నారు. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఎడ్‌లో ఇరవై వారాలు బడిలో గడపాలి, అందులో పదహారు వారాలు రెండో సంవత్సరంలోనే. కాగితం మీద అన్ని కాలేజీలదీ ఒకే లెక్క. మొదటి రోజు ఉత్తరం ఇచ్చి చివరి రోజు సంతకం కోసం వచ్చేవారినీ చూశాను, వారానికి రెండుసార్లు తమ లెక్చరర్ వచ్చి పిరియడ్ మొత్తం వినివెళ్లేవారినీ చూశాను. రెండో రకం పిల్లలు సంక్రాంతి సెలవులయ్యే సరికి ఎంత మారిపోతారో చెప్పలేను. అందుకే కాలేజీ భవనం చూడడానికి వెళ్లకండి, ఆ కాలేజీ విద్యార్థులు ఏ బడికి వెళుతున్నారో కనుక్కుని ఆ బడి ఉపాధ్యాయులతో పది నిమిషాలు మాట్లాడండి. వాళ్లు దాచరు.

ఇక అర్హత సంగతి. మన రెండు రాష్ట్రాల ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీలో, హైస్కూల్లో బోధించే స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ సైన్స్ పోస్టుకు బీఎడ్‌లో ఆ మెథడాలజీ ఉండాలి, డిగ్రీలో భౌతిక, రసాయన శాస్త్రాలు, వాటి అనుబంధ సబ్జెక్టుల్లో కనీసం రెండు చదివి ఉండాలి. పాత మూడు సబ్జెక్టుల ఎంపీసీ డిగ్రీలో ఇది సమస్యే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24లో ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది కాబట్టి ప్రధాన సబ్జెక్టుతో పాటు ఇంకేది తీసుకుంటున్నామో చూసుకోవాలి. ఇంటిగ్రేటెడ్ కోర్సులో కూడా ఫిజిక్స్ ప్రధానమైతే కెమిస్ట్రీ ఎంత మేరకు ఉందో సిలబస్ తెరిచి చూడండి. ఎంపీసీ వాళ్లు బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో గణితం మెథడాలజీ సీటు వచ్చిందని చేరిపోయి, తర్వాత ఫిజిక్స్ పోస్టుకు పనికిరాక బాధపడడం నేను చాలాసార్లు చూశాను. కేంద్రీయ విద్యాలయాల మీద ఆశ ఉంటే మరో మెలిక ఉంది. వారి గత నోటిఫికేషన్లలో పదో తరగతి వరకు బోధించే టీజీటీ సైన్స్ పోస్టుకు వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు అడిగారు. ఫిజిక్స్ చదివినవారు ఆ సైన్స్ పోస్టుకు అర్హులు కారు. పీజీ చేసి, పదకొండు, పన్నెండు తరగతులకు బోధించే పీజీటీ పోస్టుకు వెళ్లవలసిందే. ఏమీ దొరక్కపోతే ప్రాథమిక బడుల్లోని ఎస్జీటీ పోస్టుకు రాసుకోవచ్చులే అనే ధీమా కూడా ఇప్పుడు లేదు, ప్రాథమిక తరగతుల పోస్టులకు బీఎడ్ చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు ఇచ్చింది.

ఇంటిగ్రేటెడ్ కోర్సుకు జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహించే ప్రవేశ పరీక్ష ఎన్‌సీఈటీ రాయాలి. మనవాళ్లకు అందుబాటులో ఉన్నవాటిలో నేను మొదట చెప్పేది మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ. అది ఎన్‌సీఈఆర్‌టీది, 1963 నుంచి ఉంది, ప్రాంగణంలోనే సొంత ప్రయోగ పాఠశాల ఉంది. వరంగల్ నిట్‌లో కూడా ఇంటిగ్రేటెడ్ బీఎస్సీ బీఎడ్ ఉంది. మూడు, రెండు కలిపి ఐదేళ్లకు బదులు నాలుగేళ్లలో అయిపోవడం లాభమే గాని, నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది సబ్జెక్టూ బోధనా పక్కపక్కన సాగడం. కాంతి పాఠం తాను చదువుతున్న సంవత్సరంలోనే దాన్ని పిల్లలకు ఎలా చెప్పాలో ఆలోచించే అవకాశం మాకు లేకపోయింది. మైసూరులో ఒక్క లోటు మాత్రం ఉంటుంది. మన బడుల్లో పుస్తకం ద్విభాషలో ఉంటుంది, పిల్లల సందేహం మాత్రం తెలుగులోనే వస్తుంది. ‘రిఫ్రాక్షన్’ అని చదివినవారికి ‘వక్రీభవనం’ నోట పలకడం కూడా సాధన మీదే వస్తుంది కాబట్టి, వేసవి సెలవుల్లో ఊరి బడిపిల్లలకు పాఠం చెప్పించండి.

అమ్మాయికి నిజంగా మనసు కుదిరిందా అన్నదే సందేహమైతే మాత్రం పదిహేడేళ్లకే కట్టిపడేయకండి, బీఎస్సీలో చేర్చి మూడో ఏడు ఎడ్‌సెట్ రాయించండి. హైదరాబాద్‌లోని మాసబ్ ట్యాంక్ ఐఏఎస్ఈ (ప్రభుత్వ బీఎడ్ కాలేజీ), ఉస్మానియా ఎడ్యుకేషన్ కాలేజీ వంటి ప్రభుత్వ సంస్థలను ఆప్షన్లలో పైన పెట్టించండి. దూరంగా వచ్చినా, హాస్టల్ ఖర్చయినా ఫరవాలేదు, ఇంటి పక్కనే ఉందని నాన్ అటెండింగ్ కాలేజీని మాత్రం ఆ జాబితాలో చేర్చకండి.