మే నెలలో శ్రీలంక అడవులు

ప్రశ్న: వేసవి సెలవుల్లో, మే నెలలో, పిల్లలతో శ్రీలంక వెళ్లాలనుకుంటున్నాం. మిన్నేరియలో వందల ఏనుగులు ఒకచోట చేరతాయట. అక్కడికే వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మే నెలలోనైతే వద్దనే చెబుతాను. క్రీ.శ. 3వ శతాబ్దంలో మహాసేన మహారాజు కట్టించిన మిన్నేరియ చెరువులో నీరు తగ్గి, బయటపడిన నేల మీద లేత పచ్చిక మొలిచినప్పుడే చుట్టుపక్కల అడవుల నుంచి ఏనుగులు అక్కడికి దిగివస్తాయి. ఆ సందడి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎక్కువ. మీరు దక్షిణాన ఉన్న ఉడవలవేకు వెళ్లండి. అక్కడ ఏడాది పొడవునా ఏనుగులు కనిపిస్తాయి. ఆ పక్కనే 1995లో నెలకొల్పిన అనాథ గున్నల సంరక్షణ కేంద్రాన్ని పిల్లలకు తప్పక చూపించండి. పాలవేళకు గున్నలు పరుగున వచ్చి, గరాటుకు అమర్చిన గొట్టాన్ని నోట పెట్టుకొని గటగటా తాగుతాయి. పెద్దయ్యాక వాటిని తిరిగి అడవికే వదలాలి కనుక సందర్శకులను తాకనివ్వరు, దూరం నుంచే చూడనిస్తారు. ఇది నాకు ఎంతో నచ్చిన పద్ధతి. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులంటే పంటనష్టం వార్తలే వినే మన పిల్లలు వాటిని ఇలా కూడా చూడాలి.

చిరుతల కోసం యాల వెళ్లవచ్చు. శ్రీలంకలో పులులు, సింహాలు లేవు కనుక అక్కడ చిరుతదే పెత్తనం. పగటివేళ కూడా బండరాళ్ల మీద నిశ్చింతగా పడుకొని కనిపిస్తుంది. సింహరాజ వర్షారణ్యం అద్భుతమే గానీ, మే నెలలో నైరుతి వానలు, జలగలు ఎక్కువ కాబట్టి చిన్నపిల్లలతో వద్దు.