వడి, వేగం ఒకటేనా?

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ‘2 కిలోల వస్తువు మీద 10 న్యూటన్ల బలం 3 సెకన్లు పనిచేస్తే దాని వడి ఎంత?’ అన్న లెక్కకు ‘వేగం సెకనుకు 15 మీటర్లు’ అని రాసింది. సారు ‘వేగం’ కొట్టేసి ‘వడి’ అని దిద్దారు. రెండూ ఒకటే కదా? ఆ 2 కిలోల ద్రవ్యరాశిని బరువు అనొచ్చా?
– ఒక తండ్రి, హనుమకొండ

సమాధానం: మామూలు మాటల్లో రెండూ ఒకటే. వడి అచ్చ తెలుగు, వేగం సంస్కృతం నుంచి వచ్చింది. గజేంద్ర మోక్షంలో విష్ణువు వెంట లక్ష్మి వెళ్లే తీరును మన బమ్మెర పోతన ‘కడువడిఁ జను’ అన్నాడు. చాలా వేగంగా పోతుంది అని అర్థం. ఇప్పుడు అందరం స్పీడు అంటున్నాం. వడి అనే మాట ‘వడివడిగా’లో మిగిలింది, సైన్సు పాఠాల్లో మిగిలింది. పాఠాలు దాన్ని నిలబెట్టినందుకు నాకు సంతోషం.

అయితే పాఠంలో ఈ రెండు మాటలకూ పని వేరు. ఎంత జోరుగా పోతోందో చెప్పేది వడి. ఎటు పోతోందో కూడా చెబితే వేగం. కాజీపేట నుంచి ఒక బండి సికింద్రాబాద్ వైపు, ఇంకొకటి విజయవాడ వైపు గంటకు 80 కిలోమీటర్ల చొప్పున పోతుంటే వాటి వడి ఒకటే, వేగాలు వేరు. లెక్క అడిగింది వడి కాబట్టి సారు దిద్దింది సరైనదే. కానీ మీ అమ్మాయి బలాన్ని కాలంతో గుణించి, వచ్చిన 30ని ద్రవ్యరాశితో భాగించి 15 సరిగ్గానే తెచ్చింది. దీనికి మార్కులు తగ్గించకూడదని నా అభిప్రాయం.

నా అభ్యంతరమల్లా ప్రశ్న రాసిన తీరు మీద. ‘నిశ్చలంగా ఉన్న’ అన్న మాట అందులో లేదు. ఆ వస్తువు అంతకుముందే అదే దిశలో సెకనుకు 4 మీటర్లు పోతూ ఉంటే జవాబు 19 అవుతుంది. 15 అనేది ఆ 3 సెకన్లలో పెరిగినంత మాత్రమే. ఒక్క విశేషణం రాయకపోతే లెక్కే మారిపోతుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఇక బరువు. ఏనుమాముల మార్కెట్‌లో పత్తి తూచి ‘50 కిలోల బరువు’ అంటే అది మంచి తెలుగే. ఈ లెక్కలో మాత్రం వద్దు. పాఠంలో బరువు, అంటే భారం, వస్తువును భూమి తన వైపు లాగే బలం. దాన్ని న్యూటన్లలో చెప్తారు. 2 కిలోల వస్తువుకు అది సుమారు 19.6 న్యూటన్లు. బరువు అని రాసుకున్న పిల్ల రేపు 30ని 2తో కాక 19.6తో భాగిస్తుంది.